అంజలమ్మ వద్దన్న లెన్సు

ఆ శనివారం పొద్దున రామ్‌కుమార్ పెట్టుకున్న పని చాలా చిన్నది. ఏడింటికి కాఫీ, ఏడుంపావుకి మేలూరుకి ఒక ఫోను, ఎనిమిదింటికి షెడ్డు. ఆ ఫోనుతో లెన్సు సంగతి తేలిపోతే, రెండు నెలలుగా భోజనాల దగ్గర భార్య మొహంలో కనిపిస్తున్న ఓర్పును ఇక చూడక్కర్లేదని అతడి ఆశ.

రామ్‌కుమార్‌కు యాభై రెండేళ్లు. కోయంబత్తూరులో గణపతి దగ్గర మోటార్లకు తీగ చుట్టే షెడ్డు నడుపుతున్నాడు. చుట్టుపక్కల తోటల్లో పంపుసెట్టు మోటారు ఏది కాలినా అతడి దగ్గరికే వస్తుంది. పాత తీగ పీకేసి, కొత్త రాగితీగ చుట్టి, బతికించి పంపుతారు. పనివాళ్లు పద్నాలుగు మంది. షెడ్డు పొడవు నలభై అడుగులు, వెడల్పు పదకొండు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు మోటారు ఎక్కి దారివ్వాలి. ఇరవై రెండేళ్లు ఆ ఇరుకులోనే గడిచాయి. ఈ నెలాఖరుకు దాన్ని ఖాళీ చేసి, కినత్తుకడవు దారిలో విశాలమైన చోటికి మారుతున్నారు. మారేలోపు పద్నాలుగు మందినీ, యంత్రాలనూ, ఆ ఇరుకునూ కలిపి ఒకే ఒక్క ఫోటో తీయాలని రామ్‌కుమార్ కోరిక.

సెల్‌ఫోనుతో అయితే నిమిషం పని. మొదటి రోజు నుంచీ షెడ్డులో ఉన్న పెద్ద పనివాడు మునియాండి ఆ మాట అన్నాడు కూడా. కానీ రామ్‌కుమార్ నిరుడు, కెమెరాలు బాగుచేసే అంతోని దగ్గర ఒక పాత జపాన్ కెమెరా కొన్నాడు. ఫిల్ము వేసేది, రేంజ్‌ఫైండర్ అనే రకం. అందులో లెన్సు గుండా చూడరు, పక్కనున్న చిన్న కిటికీలోంచి చూస్తారు. కిటికీలో ఒకే మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. లెన్సు చుట్టూ ఉన్న రింగు తిప్పుతూ పోతే ఆ ఇద్దరూ జరిగి జరిగి ఒకరిలో ఒకరు కలిసిపోతారు. అప్పుడు మీట నొక్కాలి. ఆ కలిసే క్షణం కోసమే రామ్‌కుమార్ ఆ కెమెరాతో ప్రేమలో పడ్డాడు.

చిక్కల్లా దానితో వచ్చిన యాభై నంబరు లెన్సుతోనే. షెడ్డు గుమ్మంలో నిలబడి తీస్తే ఏడుగురే పడుతున్నారు. ఇంకా వెనక్కి పోతే గుమ్మమే అడ్డం. వెడల్పుగా చూసే లెన్సు కావాలి, అదీ తనకు అందే ధరలో. ఇరవై ఒకటి నంబరు మరీ వెడల్పు. అంచున నిలబడ్డవాడు లేతు యంత్రమంత సాగిపోతాడు. ఇరవై ఎనిమిది బాగుంటుంది కానీ దాని వెడల్పు కెమెరా కిటికీలో కనిపించదు, నెత్తిన ఇంకో బుల్లి కిటికీ కొని తగిలించాలి, దాని ధర వింటేనే కళ్లు తిరుగుతాయి. రష్యావాళ్ల ముప్పై ఐదు చౌక, కాకపోతే దాని వెనక గాజు బొడిపెలా కెమెరా లోపలికి పొడుచుకొస్తుంది. అది ఈ కెమెరాలో పెట్టి చూడమంటే అంతోని రెండు చేతులూ జోడించాడు. చివరికి మిగిలింది ఒక్కటే, జపాన్‌వాళ్ల పాత ముప్పై ఐదు. మేలూరులో స్టూడియో నడిపి చనిపోయిన ఒకాయన బీరువాలో అది ఉందనీ, ఆయన కొడుకు జీవ అమ్ముతాడనీ అంతోనే చెప్పాడు.

జీవ వాళ్లూ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లే కావడంతో ఫోను సుఖంగా సాగింది. రామ్‌కుమార్ ముందు వరండాలో నిలబడి మాట్లాడాడు. వరండా పక్కనే వంటింటి కిటికీ. కిటికీ కింద పీట వేసుకుని సాంబారుకు చిన్న ఉల్లిపాయలు ఒలుస్తున్నది అతడి తల్లి అంజలమ్మ. ఆవిడకు డెబ్బై ఆరేళ్లు. కుడికంట్లో శుక్లం ముదిరింది. రెండేళ్లు బతిమాలించుకుని, చివరికి వచ్చే గురువారం ఆపరేషన్‌కు ఒప్పుకుంది. కంట్లో పాత పొర తీసేసి కొత్త లెన్సు పెడతారని డాక్టరమ్మ ఆవిడకు బొమ్మ గీసి మరీ చెప్పింది. కన్ను మందగించింది గానీ చెవులు నిక్షేపంలా ఉన్నాయి. ఆ చెవులకు జీవ మాటలు వినబడలేదు, కొడుకు మాటలే వినబడ్డాయి.

"నాయన పోయి రెండేండ్లయిందా? అప్పట్నుంచి తీసి డబ్బాలోనే పెట్టిండారా? సరి సరి."

ఉల్లిపాయ ఒలిచే చెయ్యి ఆగింది.

"కొత్త లెన్సు ఏంటికప్పా, ఇంక ఎన్నాళ్లు వాడేది ఉండాది. పాతది చాలు. లోపల ఫంగస్ ఏమన్నా పట్టిందేమో టార్చి వేసి చూడండి. కొంచం ఉంటే పరవాలేదు, మా అంతోని తుడిచి బిగించేస్తాడు."

అంతోని ఎవరో అంజలమ్మకు బాగా తెలుసు. బాగుచేయడానికి కెమెరాలు రాని రోజుల్లో అతడు మిక్సీలు కూడా చూసేవాడు. కొడుకు కొత్తది కొననీయకుండా తన మిక్సీని ఆ అంతోనికి ఇచ్చాడు. తిరిగొచ్చిన మిక్సీ ఇంట్లో నలుగురు పట్టుకుంటే గానీ తిరగదు.

ఇలాంటప్పుడు వేరే తల్లి అయితే బయటికి వచ్చి, ఏమిట్రా ఇది అని అడిగేది. అంజలమ్మ ఏ సంగతీ ఆ సంగతికి సంబంధించినవాళ్లను ఎప్పుడూ అడగదు. కొడుకు షెడ్డుకూ, కోడలు చారులత బడికీ వెళ్లేదాకా ఆగింది. చేతులు కడుక్కుని మేట్టుపాళయంలో ఉన్న తమ్ముడు దొరైసామికి ఫోను చేసింది. ఎవరితోనూ ఏమీ అనవద్దని ముందే ఒట్టు వేయించుకుని, తనకు ఆపరేషన్ అక్కర్లేదనీ, ఉన్న చూపుతోనే గడిపేస్తాననీ చెప్పింది. ఎందుకక్కా అని అతడు అడిగితే, చచ్చిపోయిన మనిషి కంట్లోంచి తీసిన లెన్సు, బూజు పట్టింది, మిక్సీ మెకానిక్కు చేత తనకు పెట్టిస్తున్నారని మెల్లగా బయటపెట్టింది.

దొరైసామికి మేట్టుపాళయం మార్కెట్లో పోకవక్కల మండీ ఉంది. ముప్పై ఏళ్లుగా నాసిరకం సరుకును వాసనతోనే పట్టేసే మనిషి. ఒట్టు సంగతి ఫోను పెట్టగానే మరిచిపోయాడు. మదురైలో ఉన్న మేనకోడలికి, అంటే రామ్‌కుమార్ చెల్లెలు షణ్ముగప్రియకు ఫోను కలిపాడు. ఆమె మొదట నమ్మలేదు. తరువాత అన్న స్కూటరు గుర్తుకొచ్చింది. ఇరవై నాలుగేళ్ల స్కూటరు, అందులో అసలు ముక్కలు రెండో మూడో ఉంటాయి. అయినా తొందరపడి నింద వేయకూడదని, తేల్చుకోవడానికి వదినకు ఫోను చేసింది. చారులత అప్పుడు బడి వరండాలో లెక్కల నోటు పుస్తకాల కట్టతో నిలబడి ఉంది.

"వదినా, అన్న లెన్సు సెకండ్ హ్యాండ్‌ది కొంటాండాడంట, నిజమా?"

"నిజమే. రెండు నెల్లుగా అదే పని. కొత్తది కొనండి అని చెప్పి చెప్పి విడిచిపెట్టినా."

"ఎవరో చచ్చిపోయినాయనదంట."

"ఆమా, మేలూరాయనదంట. కొడుకు జీవ అని, ఆయన అమ్ముతాండాడు. పాతవే బాగుంటాయంట, ఇప్పుడు అట్లాంటివి చేయరంట. మీ అన్నకు చెప్పేది ఎవరు."

"అమ్మకు తెలుసునా?"

"అత్తకు చెప్పొద్దన్నాడు. ఊరికే దిగులు పడుతుందని."

అప్పుడే గంట కొట్టారు. చారులత, భర్త తన ఫోనులో కూడా దాచిపెట్టిన జీవ నంబరు పంపించి క్లాసుకు వెళ్లిపోయింది. ఇల్లు కదిలిపోయేంత మాటేదో తన నోటి నుంచి వచ్చిందని ఆమెకు సాయంత్రం దాకా తెలియదు.

షణ్ముగప్రియ గట్టి మనిషి. ఒక్కసారి ఊపిరి తీసుకుని జీవ నంబరు నొక్కింది. తాను రామ్‌కుమార్ చెల్లెల్నని చెప్పి, మీ నాయన లెన్సు మీరే తీశారా అని అడిగింది. తానే తీశానని జీవ మర్యాదగా ఒప్పుకున్నాడు.

"మా నాయనకు మొత్తం ఐదు ఉండె అక్కా," అన్నాడు.

"ఒక మనిషికి ఐదా?"

"మూడు ఆయనవి. రెండు ఎవరో ఊటీ దొరవి, ఆయన పోయినాక చౌకగా దొరికె. అన్నకు ముప్పై ఐదు పక్కన పెట్టినా. మీకు కావల్లంటే ఇరవై ఎనిమిది ఉండాది. అంచులో చిన్న గీత, వేసుకుంటే తెలియదు."

షణ్ముగప్రియకు విషయం తేలిపోయింది. ఇది ఒక్క అన్న పిసినారితనం కాదు, దీని వెనక పెద్ద వ్యాపారమే ఉంది. లైసెన్సు ఉందా అని అడిగింది. దీనికి లైసెన్సు ఎందుకని జీవ అడిగాడు. ఆమె ఫోను పెట్టేసి, కూర పొయ్యి మీదే వదిలేసి, భర్తకు చీటీ రాసిపెట్టి, కోయంబత్తూరు బస్సెక్కింది.

మేట్టుపాళయం నుంచి దొరైసామి కూడా బయలుదేరాడు. ఒంటరిగా రాలేదు. ఇలాంటి విషయాల్లో చదువుకున్న సాక్షి ఉండాలని, శానిటరీ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన గోవిందరాజ్‌ను వ్యానులో పక్కన కూర్చోబెట్టుకున్నాడు. గోవిందరాజ్ తన ఉద్యోగంలో ఎన్నో ఇడ్లీ కొట్లు మూయించిన మనిషి. రిటైరయ్యాక మూయించడానికి ఏమీ దొరక్క చిక్కిపోయి ఉన్నాడు. ఒక పొడుగాటి నోటు పుస్తకం చంకలో పెట్టుకుని ఉత్సాహంగా వచ్చాడు.

ఇదంతా నడుస్తుండగా రామ్‌కుమార్ షెడ్డులో గోడకు గోడకు మధ్య టేపు పట్టి కొలుస్తున్నాడు. నాలుగింటికి జీవ ఫోను చేశాడు. మీ చెల్లెలు చాలా కోపంగా ఉన్నారనీ, లైసెన్సు అడిగారనీ, ఇంట్లో ఇష్టం లేకపోతే తనకు ఈ బేరమే వద్దనీ అన్నాడు. రామ్‌కుమార్‌కు విషయం వెంటనే అర్థమైంది, అంటే అర్థమైందని అతడు అనుకున్నాడు. చారులత ఓర్పు చచ్చిపోయి, ఈ లెన్సు పిచ్చి మాన్పించమని చెల్లెలికి చెప్పుకుంది. చెల్లెలు అమ్మకు చెప్పి ఉంటుంది. ఇంటికి పోతే ఉతుకుతారు. దారి పొడవునా తన వైపు మాటలు కూర్చుకుంటూ స్కూటరు నడిపాడు.

ఇంటి ముందు వక్కల వ్యాను చూసేసరికి మామ కూడా వచ్చాడని తెలిసింది. హాల్లో అంజలమ్మ నడుమ కూర్చుని ఉంది. ఒక పక్క దొరైసామి, ఇంకో పక్క బస్సు దిగి మొహం కూడా కడుక్కోని షణ్ముగప్రియ. గోవిందరాజ్ నోటు పుస్తకం తెరిచి ఉంది. అప్పుడే బడి నుంచి వచ్చిన చారులత వంటింటి గుమ్మంలో నిలబడి, అందరికీ కాఫీ పెట్టాలా, ముందు సంగతేమిటో అడగాలా అని తేల్చుకోలేకపోతోంది. ఎదురుగా ఒక కుర్చీ ఖాళీగా వేసి ఉంచారు. రామ్‌కుమార్ అందులో కూర్చుని, ఎవరూ అడగకముందే ఒప్పుకున్నాడు.

"తప్పే మామా. అమ్మతో ఒక మాట చెప్పి చేసి ఉండల్ల."

"చెప్పి చేసుంటే సరిపోయేదాప్పా?" అన్నాడు దొరైసామి.

"మీకు ఇది పనికిరాని పని అనిపిస్తాది. కాని నేను బాగా వెతికే చూసినా. ఇరవై ఎనిమిది కుదరదు. ముప్పై ఐదు అయితే అందరూ పడతారు."

గోవిందరాజ్ అది రాసుకుని, ఎక్కడ పడతారని అడిగాడు. రామ్‌కుమార్ షెడ్డులోనే అన్నాడు. గోవిందరాజ్ అదీ రాసుకుని కిందన గీత గీశాడు. తరువాత ఫంగస్ సంగతేమిటని అడిగాడు. తన లెన్సు గురించి ఇంత వివరంగా అడిగినవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేకపోవడంతో రామ్‌కుమార్‌కు ఆ పెద్దమనిషి మీద గౌరవం కలిగింది.

"అంచుల్లో లేతగా ఉండాదంట సార్. స్పిరిట్ పెట్టి తుడిస్తే పోతాది. పోకున్నా పరవాలేదు, కొంచం మంచులో చూసినట్టు ఉంటాది. కొందరికి అదే ఇష్టం."

షణ్ముగప్రియ పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మౌనం తనకు అనుకూలమని లెక్కేసి రామ్‌కుమార్ జోరు పెంచాడు. బిగించడానికి అంతోని ఇంటికే వస్తానన్నాడని చెప్పాడు.

"అర నిమిషం పని మామా. మర తిప్పినట్టు తిప్పితే కూర్చుంటాది. నచ్చకుంటే విప్పేసి మళ్లీ పాతదే వేసుకోవచ్చు. అమ్మ ముందరే చేయిస్తా, అమ్మే చూడని."

అంజలమ్మ అరచేత్తో కుడికన్ను మూసుకుంది. ఎడమకంటితో కొడుకును చాలాసేపు చూసింది. ఆవిడ గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ భయపెట్టింది.

"నా కంటికి చచ్చినోళ్ల లెన్సు వద్దు నాయనా. నేను ఇట్లనే ఉంటా. నీకు దుడ్డు అవుతాదంటే ఆ మాట నాతోనే చెప్పి ఉండొచ్చు కదా."

రామ్‌కుమార్ పొద్దుటి నుంచి తాను ఎవరితో ఏమేం అన్నాడో ఒక్కొక్కటీ వెనక్కి తిప్పుకున్నాడు. డబ్బాలో పెట్టిన నాయన, ఎన్నాళ్లు వాడేది, అంతోని తుడిచి బిగించేది. ఒక్కో మాటా కొత్త అర్థంతో వచ్చి చెంప మీద కొట్టినట్టయింది. అతడు లేచి, లోపలికి వెళ్లి, కెమెరా తెచ్చి తల్లి ఒళ్లో పెట్టాడు. తరువాత చాలా నెమ్మదిగా, మొదటి నుంచి చెప్పాడు.

ముందు చారులత వంటింట్లోకి వెళ్లిపోయింది. లోపల గిన్నెలు అవసరానికి మించి చప్పుడు చేశాయి, మధ్యలో నవ్వు ఆపుకోలేక ఆమె దగ్గడం కూడా వినబడింది. షణ్ముగప్రియ, పొయ్యి మీద వదిలేసిన కూర ఇప్పుడు గుర్తొచ్చి, భర్తకు ఫోను చేయడానికి బయటికి వెళ్లింది. గోవిందరాజ్ రాసుకున్న రెండు పేజీలనూ చూసుకుని, చించకుండా, మడిచి పెట్టుకున్నాడు.

దొరైసామి మాత్రం నవ్వలేదు. శనివారం మండీ మూసి, అంత దూరం వచ్చి, మేనల్లుడు మంచివాడని తెలుసుకుని తిరిగి పోవడం అతడికి నచ్చలేదు. సరే, అది కెమెరాది అయితే మరి కంటికి పెట్టేది ఏదో చూపించమన్నాడు. ఏమీ దాచుకోవలసింది లేని ధైర్యంతో రామ్‌కుమార్ ఆసుపత్రి కాగితం తెచ్చి ఇచ్చాడు. అందులో మూడు రకాల లెన్సులు, మూడు ధరలు అచ్చువేసి ఉన్నాయి. మొదటిది, అన్నిటికన్నా చౌకది, పన్నెండు వేలు. దాని పక్కన రామ్‌కుమార్ సంతకం, చక్కటి టిక్కు.

"కెమెరాకు చూసింది ఎంతప్పా?" అన్నాడు దొరైసామి.

రామ్‌కుమార్ అబద్ధం చెబుదామన్నా, అవతల జీవ నంబరు చెల్లెలి దగ్గర ఉంది.

"ఇరవై రెండు వేలు మామా."

వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయింది. ఇంతసేపూ చేయని తప్పుకు నిలబడినవాడు ఇప్పుడు చేసిన తప్పుతో దొరికిపోయాడు. ఆ కాగితం మీద టిక్కు పెట్టడానికి తనకు రెండు నిమిషాలు పట్టింది, కెమెరా లెన్సు ఎంచుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఆ లెక్క ఎవరూ చెప్పకుండానే అతడికి తెలిసింది. కెమెరా లెన్సు కొననని, అమ్మకు అన్నిటికన్నా ఖరీదైనది పెట్టిస్తానని అందరి ముందూ చెప్పాడు. దొరైసామి అప్పుడు తృప్తిగా కాఫీ తాగాడు.

సోమవారం డాక్టరమ్మ గదిలోకి ఆరుగురు వెళ్లారు. గోవిందరాజ్ పనేమీ లేకపోయినా వచ్చాడు. డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. మొదటి రకం పెడితే దూరం చక్కగా కనిపిస్తుంది, చదవడానికి మాత్రం కళ్లద్దాలు కావాలి. మూడో రకం పెడితే దూరమూ, దగ్గరా రెండూ కనిపిస్తాయి, రాత్రిపూట దీపాల చుట్టూ కొంచెం వలయాలు కనిపించవచ్చు. మూడోదే రాయమని రామ్‌కుమార్ అన్నాడు. మూడోదేనని షణ్ముగప్రియ అంది. దొరైసామి ఇంకా పైది లేదా అని అడిగాడు. అంజలమ్మ అందరినీ మాట్లాడనిచ్చి, కాగితం మీద మొదటి వరుస మీద వేలు పెట్టింది.

"దూరం కనిపిస్తే చాలు డాక్టరమ్మా. దగ్గరుండేవాళ్లు ఎట్లాంటివాళ్లో నాకు తెలిసినదే."

అలా రామ్‌కుమార్ పెట్టిన టిక్కే నిలిచింది. అందుకు అతణ్ణి ఎవరూ మెచ్చుకోలేదు. తిరిగి వచ్చేటప్పుడు అద్దె కారులో అతడు అడగలేక అడగలేక తల్లిని అడిగాడు, నేను అట్ల చేస్తానని ఎట్ల నమ్మితివని. అంజలమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ జవాబిచ్చింది.

"నువ్వు చెడ్డోడివని నమ్మలేదు నాయనా. మిక్సీ అప్పుడు కూడా పాతదే చాలంటివి కదా."

ఆ రోజే సాయంత్రం, కెమెరా లెన్సు కొనుక్కోమని ఆవిడే చెప్పింది. దానికోసం ఇంతమంది ఇన్ని ఊళ్ల నుంచి తిరిగాక ఇప్పుడు కొనకపోతే అందరికీ నవ్వులాట అవుతుందని ఆవిడ వాదన. రామ్‌కుమార్ రెండుసార్లు వద్దని మూడోసారి ఒప్పుకున్నాడు. కష్టమల్లా జీవను ఒప్పించడంలో వచ్చింది. షణ్ముగప్రియ ఫోను చేసి క్షమించమని అడిగి, ఎందుకు అలా అడిగిందో చెప్పేసరికి అతడు ఇంకా బెదిరిపోయాడు. కెమెరా ఫోటో పంపితే గానీ అమ్మనన్నాడు. పంపారు. ఆపరేషన్‌కు ముందు రోజే పార్సిలు వచ్చింది. లెన్సు, దానికి వాళ్ల నాయన చేయించుకున్న మెరిసే స్టీలు మూత, వాటితో పాటు ఒక కాగితం. ఇది కెమెరాకు మాత్రమే వాడవలెనని దాని మీద అరవంలో రాసి, కింద సంతకం పెట్టి ఉంది. ఫంగస్ అంతోని అరగంటలో తుడిచేశాడు. ఆ పనికి అంజలమ్మ స్వయంగా పక్కన కూర్చుని చూసింది.

ఆపరేషన్ చక్కగా జరిగింది. నల్ల కళ్లద్దాలు తీసేసిన రోజున అంజలమ్మ వీధి చివరి బస్సు నంబరు చదివి వినిపించింది, తరువాత హాలు మూలల్లో ఉన్న సాలెగూళ్లన్నీ వరుసగా చూపించింది.

నెలాఖరు ఆదివారం షెడ్డులో ఫోటో. పద్నాలుగు మందీ ఉతికిన చొక్కాలతో వచ్చారు. మునియాండి జుట్టుకు రంగు వేసుకున్నాడు. నడుమ కుర్చీ వేసి అంజలమ్మను కూర్చోబెట్టారు. రామ్‌కుమార్ గుమ్మంలో నిలబడి కిటికీలో కన్ను పెట్టాడు. ఈ చివర లేతు నుంచి ఆ చివర తీగ చుట్టలదాకా, పదిహేను మొహాలూ అందులో ఉన్నాయి. రింగు తిప్పాడు. ఇద్దరు అంజలమ్మలు జరిగి జరిగి ఒక్క అంజలమ్మ అయ్యారు. అతడి గుండె నిండిపోయింది.

మళ్లీ ఇలాంటి రోజు రాదని ఫిల్ము మొత్తం దీనికే వాడాలని ముందే అనుకున్నాడు. నిలబడి కొన్ని తీశాడు, కూర్చోబెట్టి కొన్ని. యంత్రాల దగ్గర పని చేస్తున్నట్టు కొన్ని, వెలుతురు సరిపోతుందో లేదోనని ఒక్కోదాన్నీ మూడు రకాలుగా తీశాడు. రెప్ప వేయొద్దని ప్రతిసారీ హెచ్చరించాడు. గంటన్నర అలా జరిగింది. పనివాళ్ల కళ్లు నీళ్లు కారుతున్నాయి. ఫిల్ములోని ముప్పై ఆరింటిలో ముప్పై ఐదు అయ్యాయి. చివరిదానికి అందరినీ దగ్గరకు జరగమన్నప్పుడు అంజలమ్మ మెల్లగా అంది.

"ఒక మాట అడిగితే కోపం చేసుకోవద్దు నాయనా. ఆ మెరిసే మూత తీయకుండానే తీయల్లనా?"

రామ్‌కుమార్ కెమెరాను తన వైపు తిప్పుకున్నాడు. లెన్సు మీద స్టీలు మూతలో తన మొహమే కనిపించింది. కిటికీలోంచి చూసేవాడికి మూత ఉన్నదీ లేనిదీ తెలియదు. ముప్పై ఐదు ఫోటోలూ అతడు ఆ మూతలోపలి చీకటినే తీశాడు.

ఎప్పుడు చూశావమ్మా అని మాత్రం అడగగలిగాడు.

"మొదట్నుంచి చూస్తానే ఉండా. పాతది కదా, అది అట్లనే చేస్తాదేమో అనుకుంటి."

మునియాండి కూడా చూశాననే అన్నాడు, ఓనరుకు అన్నీ తెలుసు కదా అని ఊరుకున్నాడట. లెక్క తీస్తే పద్నాలుగు మందిలో తొమ్మిది మంది చూశారు. ముందు ఎవరు నవ్వారో తెలియదు. నవ్వు షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు పోయి, గోడకు తగిలి వెనక్కి వచ్చింది. అంజలమ్మ నవ్వలేక పొట్ట పట్టుకుంది. రామ్‌కుమార్ మూత తీసి జేబులో వేసుకుని, ఎవరినీ సర్దకుండా, రెప్పల సంగతి మాట్లాడకుండా, మిగిలిన ఆ ఒక్కటీ నొక్కాడు.

ఫిల్ము కడిగాక అంతోని ఫోను చేశాడు. పదిహేను మందీ పడ్డారనీ, ఈ అంచు నుంచి ఆ అంచుదాకా పళ్లతో సహా స్పష్టంగా ఉన్నారనీ, లెన్సు చాలా మంచిదనీ చెప్పాడు. ఎప్పుడైనా అమ్మాలనుకుంటే, ఒక్కసారే వాడామని ధైర్యంగా రాయవచ్చని కూడా అన్నాడు.